లారీలను లాగే లారీ

పిల్లలూ! మీలో ఎంతమంది విజయవాడ నుంచి ఒంగోలుకు రోడ్డు మీద వెళ్ళారు? కనకదుర్గ వారధి మీద కృష్ణను దాటి, మంగళగిరి కొండ పక్కగా వచ్చి, గుంటూరును ఒక అంచున తాకి, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఆ రోడ్డు దక్షిణానికి పోతుంది. చాలా ఏళ్ళు దాన్ని 5వ నంబరు జాతీయ రహదారి అన్నారు. 2010లో దేశమంతటా రోడ్ల నంబర్లు మార్చినప్పుడు అది 16వ నంబరు అయింది. నంబరు మారింది గాని, దాని మీద లారీల వరస మాత్రం తగ్గలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు కిటికీ పక్కన కూర్చుని, ఊళ్ళ పొలిమేరల్లో రేకుల షెడ్ల ముందు ఏమున్నదో చూస్తూ ఉండండి. టైర్ల దుకాణం ఉంటుంది, టీ బంకు ఉంటుంది, వేపచెట్టు ఉంటుంది. ఆ చెట్టు కింద ఒక్కొక్క చోట ఒక ముసలి లారీ కనబడుతుంది. దానికి సరుకు వేసుకునే తొట్టి ఉండదు. తొట్టి ఉండవలసిన చోట రెండు ఇనప దూలాలు ఏటవాలుగా పైకి లేచి, కొసన కలుసుకుని ఉంటాయి. ఆ కొసన ఒక గిలక, గిలక మీదుగా ఇనప తాడు, తాడు చివర మీ తలకాయంత కొక్కెం! దీన్ని అక్కడివాళ్ళు "క్రేను" అంటారు. "బ్రేక్‌డౌన్ బండి" అనేవాళ్ళు కూడా ఉన్నారు. దాని వాలకం చూస్తే, "దీన్నే ఎవరైనా లాగాలి గాని, ఇది ఇంకొకదాన్ని లాగుతుందా?" అనిపిస్తుంది.

లాగుతుంది. రోడ్డు పక్క గుంటలో పడిన లారీని బయటికి తీసి, మూతి పైకెత్తి, ఊరిదాకా ఈడ్చుకు వస్తుంది.

ఈ నెల మనం అటువంటి బండి ఒకటి కొని, బాగుచేయిద్దాం. డబ్బు మాట పెట్టుకోకండి. ఊహలో కొనడానికి డబ్బు అక్కర్లేదు గదా!

అయితే కొనేముందు, ఈ సీమలో అటువంటి బండి అవసరం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి. ఇందుకు ముఖ్యమైన కారణం నేల. గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలలో చాలా చోట్ల ఉన్నది నల్లరేగడి. పత్తికీ మిరపకూ ఆ నేల పెట్టింది పేరు. రేగడిలో ఉండే బంకమట్టి రేణువులు బహు సన్ననివి. అవి నీటిని పట్టి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. అందుచేతనే వేసంగిలో ఆ పొలాలు నెర్రెలు విచ్చి, మీ చెయ్యి మోచేతిదాకా దూరేటంత చీలికలు పడతాయి. ఒక్క గట్టి వాన కురిసిందంటే అదే నేల జిగురు ముద్ద అయిపోతుంది. చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిస్తే, ఒక్కొక్క కాలికి మట్టి గుండు కట్టినట్టు ఉంటుంది.

ఇక దానిలో పది టన్నుల లారీ చక్రం దిగితే ఏమవుతుందో ఆలోచించండి. డ్రైవరు కంగారుపడి ఇంజను జోరుగా తిప్పుతాడు. చక్రం ముందుకు పోదు, కిందికి పోతుంది. తడిమట్టి చక్రాన్ని సందు లేకుండా పొదివి పట్టుకుంటుంది. ఎత్తుదామంటే అడుగున గాలి చొరబడే దారి లేదు గనక, మట్టి చక్రాన్ని పీల్చి పట్టుకున్నట్టే ఉంటుంది.

రెండవ కారణం సరుకు. ఎండుమిర్చి బరువైన సరుకు కాదు, కాని చోటు ఎక్కువ తీసుకుంటుంది. పత్తి అంతకన్నా గాలితిత్తి. తక్కువ బరువుకే లారీ నిండిపోతుంది గనక, బస్తా మీద బస్తా పేర్చి మేడలాగా కట్టుకుపోతారు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాను "టిక్కీ" అంటారు. ఒక్కొక్కటి సుమారు 40 కిలోలని లెక్కవేసుకుంటే, పది టన్నుల మిర్చికి 250 టిక్కీలు కావాలి! ఇంత ఎత్తు పేరిస్తే, లారీ బరువుకు కేంద్రం ఎక్కడో నడుం దగ్గర ఉండవలసింది ఛాతీ దాకా ఎక్కుతుంది. నెత్తిన బిందె మీద బిందె పెట్టుకున్న మనిషి గట్టు మీద నడిచినట్టే! ఒక పక్క చక్రాలు రోడ్డు అంచు దిగితే చాలు, లారీ వాలిపోతుంది.

అటు ఒంగోలు దగ్గర దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. చీమకుర్తి గనుల నుంచి వచ్చే నల్ల గ్రానైటు రాళ్ళు చూడటానికి చిన్నవే. నల్లగా, లోపల నక్షత్రాలు చల్లినట్టు మెరిసే ఆ రాయి దేశదేశాలకు పోతుంది. ఒక్క ఘనమీటరు రాయి సుమారు 3 టన్నులు తూగుతుంది. అటువంటి దిమ్మెలు రెండు మూడు వేసుకున్న బండి ఆగిపోతే, పక్కకు నెట్టటం మనుషుల తరం కాదు.

మోటార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటిని ఎవరు లాగేవారు? ఎడ్లు! ఈ సీమ ఒంగోలు జాతి ఎడ్లకు పుట్టినిల్లు. ఎత్తయిన మూపురం, తెల్లని ఒళ్ళు, పొట్టి కొమ్ములు — వాటిని చూసి ముచ్చటపడి బ్రెజిలు దేశంవాళ్ళు ఓడల మీద తీసుకుపోయారు. అక్కడ ఆ సంతతికి "నెలోరి" అని మన నెల్లూరు పేరే పెట్టుకున్నారు. ఇప్పటికీ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతికీ, తిరునాళ్ళకూ ఎడ్లచేత బండలాగించే పందేలు జరుగుతాయి. బురదలో దిగిన కారును ఒక జత ఎడ్లు ఇట్టే లాగేస్తాయి. సరుకుతో నిండిన లారీని లాగాలంటే మాత్రం ఎన్ని జతలు కట్టాలో! అన్నీ ఒకేసారి ఒకే వైపు లాగితే గదా!

ఇదే ఇబ్బంది భూగోళానికి అవతలి పక్కన కూడా ఒకాయనకు ఎదురయింది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా అనే ఊళ్ళో ఎర్నెస్ట్ హోమ్స్ అనే ఆయనకు మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. 1916లో ఆయనకు తెలిసినవాడి కారు ఒకటి వాగులో పడింది. మనుషులను పోగుచేసి, తాళ్ళు, దుంగలు వేసి, గంటల తరబడి పీకితే గాని అది బయటికి రాలేదు. హోమ్స్ ఇంటికి వచ్చి ఆలోచించాడు. తన దగ్గర ఉన్న 1913 నాటి కాడిలాక్ కారు వెనక మూడు కర్రలు నిలబెట్టి, గిలక వేలాడగట్టి, గొలుసు తగిలించాడు. లారీలను లాగే లారీలన్నిటికీ అదే ముత్తాత. ఇప్పుడు ఆ ఊళ్ళో అటువంటి పాత బండ్ల మ్యూజియం ఒకటి ఉన్నది. దాని బయట ఒక గోడ కట్టి, రోడ్ల మీద ఇతరుల బండ్లు లాగబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లు చెక్కించారు. ఆ గోడను 2006లో నిలిపారు. ఈ పని ఎంత ప్రమాదమైనదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ సంగతి మనం మళ్ళీ తలుచుకోవలసి వస్తుంది.

సరే, మన వేపచెట్టు కింది బండి దగ్గరికి వద్దాం. అది ఎక్కడ పుట్టింది?

మన దేశంలో ఇటువంటి ముసలి బండ్లకు రెండు వంశాలున్నాయి. మొదటిది యుద్ధవంశం. రెండవ ప్రపంచ యుద్ధంలో ఒక్క కెనడా దేశమే 8 లక్షల పైచిలుకు సైనిక వాహనాలు తయారుచేసింది. వాటిలో చాలా ఫోర్డు, షెవ్రొలే లారీలు. మొండి ముక్కు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం. యుద్ధం 1945లో ముగిసిపోయాక మన దేశంలో మిగిలిపోయిన సైనిక సామగ్రిని వేలం వేశారు. నాలుగు చక్రాలూ లాగే బండి బురదలో నిలదొక్కుకుంటుంది గదా! అటువంటివాటిని కొన్నవాళ్ళు కొందరు వెనక దూలాలు నిలబెట్టి క్రేన్లు చేసుకున్నారు.

రెండవది సరుకు లారీల వంశం. టాటా కంపెనీ జర్మనీవారి డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి 1954లో జంషెడ్‌పూరులో లారీలు చేయటం మొదలుపెట్టింది. ముందుకు పొడుచుకువచ్చిన ముక్కు, ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం. ఆ ఒప్పందం 1969లో ముగిసింది, నక్షత్రం పోయింది. కాని బండ్లు పోలేదు. ఆ రకం లారీ మీకు బొమ్మల పుస్తకాల్లో తప్పక కనిపిస్తుంది; మీ తాతగారిని అడిగితే ఆ ఇంజను చప్పుడు నోటితో చేసి వినిపిస్తారు! మిర్చీ పత్తీ మోసి మోసి, తొట్టి చెక్కలు పుచ్చిపోయాక, ఇక సరుకుకు పనికిరాదనుకున్న లారీని క్రేనుగా మార్చటం మామూలే.

చిత్రమేమంటే, ఏ వంశపు బండి అయినా పుట్టినప్పటి రూపంలో మిగలదు. యుద్ధపు లారీలు పెట్రోలు తాగేవి. పెట్రోలు ఖర్చు భరించలేక వాటికి డీజెలు ఇంజన్లు ఎక్కించారు. మద్రాసులో సింప్సన్ కంపెనీవారు చేసిన పెర్కిన్స్ ఇంజన్లు ఇందుకు బాగా వాడుకలోకి వచ్చాయి. ఇరుసు ఒక బండిది, గేరు పెట్టె ఇంకొక బండిది, తలుపులు ఊళ్ళో వడ్రంగి చేసినవి. ఇది మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు బేరానికి పోదాం. ఇటువంటి బండిని కొనడానికి వచ్చేవాడు మనమొక్కళ్ళమే కాదు. పాత ఇనుము కొనేవాడు కూడా వస్తాడు. అతనికి ఇంజనుతో పని లేదు, చరిత్రతో పని లేదు. బండిని కాటా మీద ఎక్కించి, ఎన్ని కిలోలో చూసి, కిలోకు ఇంత అని చెబుతాడు. సాయంత్రానికల్లా గ్యాసు మంటతో కోసి ముక్కలు చేస్తాడు. బండి యజమానికి అది సుఖమైన బేరం. కాబట్టి మన ధర ఇనుము ధరకన్నా ఒక మెట్టు పైన ఉండాలి. ఎంత పైన ఉండవచ్చు అనేది బండిని పరీక్షించి తేల్చుకోవాలి.

పరీక్షలో మొదటిది కాగితాలు. రిజిస్ట్రేషను పుస్తకంలో ఛాసీ నంబరు, ఇంజను నంబరు రాసి ఉంటాయి. ఛాసీ అంటే లారీకి వెన్నెముక లాంటి ఇనప చట్రం. ఆ నంబరును చట్రం మీద గుద్ది ఉంటారు. తుప్పు గీకి, పల్చని కాగితం దాని మీద ఉంచి, పెన్సిలుతో అడ్డంగా రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. మీరు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దుతారే, అచ్చం అట్లాగే! మోటారు ఆఫీసువాళ్ళు చేసేదీ ఇదే. పుస్తకంలో అంకె, కాగితం మీద అంకె ఒకటి కాకపోతే దణ్ణం పెట్టి వెనక్కి తిరగండి. ఇంజను మార్చిన బండి అయితే, ఆ మార్పుకు మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి పొంది, పుస్తకంలో రాయించి ఉండాలి. నంబరు పలక కూడా చూడండి. "ఏపీ" తరవాత ఒక్క అక్షరం, ఆ పైన అంకెలు ఉంటే, అది 1989కి ముందుదన్నమాట. తరవాత గుంటూరుకు ఏపీ 07, ప్రకాశానికి ఏపీ 27 వచ్చాయి. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతటికీ ఏపీ 39 మొదలయింది.

రెండవ పరీక్ష సుత్తితో. కుండ కొనేటప్పుడు అమ్మ వేలితో కొట్టి చూస్తుంది గదా! మంచి కుండ ఖంగుమంటుంది, బీట ఉన్నది బొద్దుగా పలుకుతుంది. మేస్త్రీ ఛాసీ పొడవునా చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతాడు. మోత మారిన చోట సున్నపుముక్కతో గుర్తు పెడతాడు. అక్కడ రివెట్టు వదులైనా అయి ఉండాలి, తుప్పు తిని పలచబడినా ఉండాలి, బీటలైనా ఉండాలి. బీట గనక దూలాలు కూర్చున్న చోటనే ఉంటే, బరువు ఎత్తిన రోజున బండి నడుం విరుగుతుంది. ఇంజను పాడైతే బాగుచేయవచ్చు, ఇంకొకటి తేవచ్చు. వెన్నెముక పోయిన బండిని మాత్రం ఇనుము వ్యాపారికి వదిలెయ్యటమే మేలు.

మన బండికి రెండు గుర్తులే పడ్డాయనుకుందాం. కొన్నాం! ఇప్పుడు దాన్ని ఇంకొక క్రేనుకు తగిలించి విజయవాడ ఆటోనగరుకు తీసుకుపోవాలి. (వైద్యుడికి జబ్బు చేస్తే ఇంకొక వైద్యుడే రావాలి మరి!)

ఆటోనగరు అంటే బండ్ల ఊరు. 1960ల నాటి నుంచి ఎదుగుతూ వచ్చిన ఆ పేటలో వీధి వీధీ ఒక్కొక్క పనికి. ఒక వీధిలో తొట్లకు చెక్కలు కోస్తుంటారు. ఇంకొక వీధిలో కమాను కట్టలు కాల్చి వంచుతారు. బండి కుదుపును మింగే ఇనప పట్టీల దొంతరనే కమాను కట్ట అంటారు. ఒకచోట లేతు మిషను మీద ఇనుము వెండి దారంలాగా చుట్టలు చుట్టుకుంటూ ఊడుతుంటుంది. ఒకచోట రంగులవాళ్ళు లారీ నుదుటి మీద తామరపూలు వేస్తుంటారు. గుంటూరులో కూడా ఆటోనగరు ఉన్నది. పాత బండికి దొరకని సామాను అంటూ ఉంటే, దాన్ని ఉన్నదాని కొలతలు తీసి కొత్తగా చేసేవాడు ఈ వీధుల్లోనే ఉంటాడు.

మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, "ఇంజను సంగతి తరవాత చూద్దాం లెండి. ముందు బ్రేకులు విప్పండిరా అబ్బాయిలూ!" అంటాడు. మంచి మేస్త్రీ ఎప్పుడూ అట్లాగే అంటాడు. నడవని బండి ఎవరినీ చంపదు. ఆగని బండి చంపుతుంది. పైగా మన బండి ఆపవలసింది తనను మాత్రమే కాదు, వెనక వేలాడే లారీని కూడా.

తరవాత ఎత్తుడు సరంజామా. ఇక్కడ కాస్త లెక్క ఉన్నది, భయపడకండి. మీరు ఏతాం చూశారా? బావి దగ్గర స్తంభం మీద పొడుగాటి దూలం, ఒక కొసన బాన. మనిషి అటువైపు నడిస్తే బాన మునుగుతుంది, ఇటువైపు నడిస్తే లేస్తుంది. మన లారీ కూడా ఏతామే! వెనక ఇరుసు స్తంభం. ముందు ఇరుసు ఆ స్తంభానికి 14 అడుగుల దూరంలో ఉన్నదనుకోండి. కొక్కెం వెనకవైపు 7 అడుగుల దూరంలో వేలాడుతున్నది. కొక్కేనికి 2 టన్నులు తగిలిస్తే, ముందు చక్రాల మీది నుంచి ఎంత బరువు తగ్గుతుంది? రెండు టన్నులను ఏడుతో హెచ్చించి, పద్నాలుగుతో భాగించండి. ఒక టన్ను! ముందు ఇరుసు మీద ఉన్నదే రెండు టన్నులయితే, సగం పోయినట్టు. ముందు చక్రాలు నేలను గట్టిగా తొక్కకపోతే డ్రైవరు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అందుకనే ఇటువంటి బండ్ల ముందు బంపరు మీద ఇనప దిమ్మెలు బిగించి కనబడతాయి. అది అలంకారం కాదు.

ఇక గిలక. నూతి మీది గిలక మీ శ్రమను తగ్గించదు, తాడును కిందికి లాగే వీలు మాత్రం కల్పిస్తుంది. కాని గిలకను కదిలే బరువుకే కట్టి చూడండి. తాడు ఒక కొసను మన క్రేనుకే బిగించి, దిగబడ్డ లారీకి కట్టిన గిలక మీదుగా తిప్పి, రెండవ కొసను తెచ్చి వించికి చుట్టాలి. అప్పుడు లారీని తాడు రెండు వరసలు పట్టి లాగుతాయి. 2 టన్నులు లాగే వించి, గిలకలో ఒరుసుకుని పోయే కొంత బలం తీసివేస్తే, సుమారు 4 టన్నుల పని చేస్తుంది! ఊరికే వస్తుందా? లారీ ఒక మీటరు కదలాలంటే తాడు రెండు మీటర్లు చుట్టాలి. బలం మిగిలింది, కాలం ఖర్చయింది.

వించి అంటే తాడు చుట్టే పీపా. దాన్ని చేత్తో తిప్పే పాత రకమైతే, 12 పళ్ళ చిన్న చక్రం 60 పళ్ళ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. మనం అయిదు చుట్లు తిప్పితే పీపా ఒక్క చుట్టు తిరుగుతుంది. పక్కనే ఒక ఇనప నాలుక పళ్ళ మధ్య టకటక పడుతూ, పీపా వెనక్కు తిరగకుండా పట్టుకుంటుంది. ఆ నాలుక కొన అరిగితే, వేలాడే బరువు ఒక్కసారిగా జారుతుంది. బజారులో దాని విలువ చాలా కొద్ది. బండి మొత్తంలో నేను ముందు మార్పించేది మాత్రం దాన్నే.

తాడు విషయంలో బేరాలాడకూడదు. ఇనప తాడు ఒకటే తీగ అనుకునేరు! మామూలు రకంలో నడుమ నార తాడు, దాని చుట్టూ ఆరు పేటలు, ఒక్కొక్క పేటలో 19 తీగలు. మొత్తం 114 తీగలు! నడుమనున్న నారలో నూనె నిలిచి, తీగలు ఒకదానితో ఒకటి ఒరుసుకున్నా అరగకుండా కాపాడుతుంది. పాత తాడు మీద గుడ్డ పట్టుకుని జారిస్తే, తెగిన తీగలు గుడ్డను పీకుతాయి. (మీరు వట్టి చేత్తో ఆ పని చేయవద్దు. చెయ్యి సొరకాయ తరిగినట్టు తెగుతుంది.) మన బండితో వచ్చిన తాడు ఎంత బాగున్నట్టు కనబడినా సరే, కోసి పారేయించాలి. ఎందుకంటే, బిగిసిన తాడు తెగితే అది ఊరికే కింద పడదు. కొరడాలాగా వెనక్కు కొడుతుంది. ఇందాక చెప్పిన గోడ గుర్తున్నదా?

బ్రేకులు, వించి, తాడు అయ్యాయి. ఇంజనుకు రింగులు మార్చారు, గొట్టంలో నల్లపొగ తగ్గింది. రంగు వేయాలి. ఇక్కడ అసలు చిక్కు వచ్చిపడుతుంది: ఏ రంగు? ఏ రూపం?

మన దేశంలో పాత బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకమైన నియమాలు చేసింది. మొదటిసారి రిజిస్టరు అయి 50 ఏళ్ళు దాటిన మోటారు సైకిళ్ళూ, కార్లూ సొంత వాడకానివై, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉంటే, వాటిని "వింటేజి" వాహనాలుగా గుర్తిస్తారు. నంబరులో "వీఏ" అనే అక్షరాలు ఇస్తారు. వాటిని ప్రదర్శనలకు తీసుకుపోవచ్చు గాని, రోజూ పనికి తిప్పకూడదు. మంచి నియమాలే. కాని మన ముసలి క్రేను అక్కడ గడప దాటలేదు. అది కిరాయి పని చేసిన బండి. పైగా అసలు రూపం అన్నది దానికి ఏది? పత్తి మోసిన రూపమా, క్రేను రూపమా? మార్చకుండా ఉంచి ఉంటే అది ఎన్నడో ముక్కలై కరిగిపోయి ఉండేది. మార్చినందువల్లనే బతికింది.

కొందరు దూలాలు కోసివేసి, వెనక కొత్త చెక్కల తొట్టి కట్టించి, ముక్కు మీద నక్షత్రం అతికించి, "ఇదుగో, 1960 నాటి లారీ!" అని చూపిస్తారు. చూడటానికి ముద్దుగానే ఉంటుంది. నాకు మాత్రం అది తాతగారికి నిక్కరు తొడిగి ఫోటో తీసినట్టు ఉంటుంది. నేనైతే దూలాలు ఉంచుతాను. వాటి మీద ఎప్పటివో అతుకుల మచ్చలు సాపు చేయించను. గట్టివో కావో పరీక్షించి, గట్టివైతే రంగు మాత్రం వేయిస్తాను. ప్రాణాలు ఆధారపడే వస్తువులు కొత్తవి, మిగిలినవి ఉన్నవి ఉన్నట్టు. ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షకు పంపి, అది నెగ్గినంతకాలం తేలిక పనులు చేయిస్తాను. గ్రానైటు దిమ్మెల బండ్లకు ఇది చాలదు. వాటికి నూనె ఒత్తిడితో లేచే చేతులున్న పెద్ద కొత్త క్రేన్లు వచ్చాయి. రహదారి మీద బండి ఆగిపోయినవారు 1033 నంబరుకు ఫోను చేస్తే సాయం పంపుతారు. మీ ఇంట్లో కారు ఉంటే నాన్నగారికి ఈ నంబరు చెప్పి ఉంచండి.

మరి మన బండికి ఏ పని వస్తుంది? ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి ముమ్మరం. కల్లాల్లో ఎర్రని తివాచీలు పరిచినట్టు ఆరబోసిన కాయలు టిక్కీలకెక్కి, పల్నాటి నుంచీ, ప్రకాశం నుంచీ రాత్రింబవళ్ళు గుంటూరు యార్డుకు వస్తుంటాయి. యార్డులో "334" అని అంకెతో పిలిచే రకం ఒకటి ఉన్నది. అది గుంటూరు పక్కన లాం పరిశోధనా క్షేత్రంలో తయారయినదే. ఇటువంటి రోజుల్లో వాన పడి, డొంక మలుపులో ఒక మిర్చి లారీ పొలంలోకి దిగిందనుకోండి. దాని మీద ఉన్నది ముగ్గురు నలుగురు రైతుల ఏడాది కష్టం. తడిస్తే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. ఆకాశం ఇంకా మబ్బుగానే ఉన్నది.

మన బండి వస్తుంది. మేస్త్రీ వెంటనే కొక్కెం తగిలించడు. ముందు టిక్కీలు దించి, రోడ్డు మీద పట్టా కిందా పైనా వేసి పేర్పిస్తాడు. బరువు తగ్గుతుంది, సరుకూ దక్కుతుంది. హమాలీలు తుమ్ముతూనే ఉంటారు. మిరప ఘాటు గింజలో ఉంటుందని అంటారు గాని, అది ఎక్కువగా ఉండేది గింజలు అంటుకుని ఉండే తెల్లని పొరలో. ఆ ఘాటు పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నోరు మండితే నీళ్ళకన్నా పాలో పెరుగో మేలు. ఈ పనిలో ఉన్నవాడు కంట్లో చెయ్యి పెట్టుకున్నాడో, ఆ పూటకు పనికిరాడు!

తరవాత చక్రాల వెనక మట్టి పారతో తీస్తారు. పీల్చి పట్టుకున్న రేగడిలోకి గాలి దూరటానికన్నమాట. క్రేను చక్రాల కింద దిమ్మెలు వేస్తారు. గిలక కట్టి, తాడు తిప్పి, తాడు నడుమ మీద రెండు తడి గోనెలు కప్పుతారు. ఒకవేళ తాడు తెగితే ఆ గోనెల బరువు దాన్ని నేలకు తొక్కుతుంది. చూడవచ్చిన జనాన్ని, ముఖ్యంగా మీవంటి పిల్లలను, తాడు పొడవుకన్నా ఎక్కువ దూరం జరుపుతారు. అప్పుడు వించి. టక్, టక్, టక్... ఇనప నాలుక పళ్ళు లెక్కపెడుతుంటుంది. చాలాసేపు ఏమీ కదిలినట్టు ఉండదు. అంతలో రేగడి చప్పరించినట్టు చప్పుడు చేసి చక్రాన్ని వదులుతుంది.

రోడ్డెక్కిన లారీ ఇంజను కదలకపోతే, మూతి ఎత్తి లాక్కుపోవాలి. దానికి ముందు క్లీనరు కుర్రవాడు లారీ కిందికి దూరి, గేరు పెట్టె నుంచి వెనక ఇరుసుకు పోయే పొడుగాటి గొట్టాన్ని విప్పుతాడు. ఎందుకంటే, వెనక చక్రాలు నేల మీద దొర్లుతుంటే ఆ గొట్టం గేరు పెట్టెలో కొంత భాగాన్ని తిప్పుతూ ఉంటుంది; ఇంజను ఆగి ఉన్నది గనక లోపలి నూనె అన్ని చోట్లకూ చిమ్మదు. పది మైళ్ళు పోయేసరికి బేరింగులు మాడిపోతాయి. గొట్టాన్ని తాడుతో ఛాసీకి కట్టేస్తాడు. విప్పిన బోల్టులను ఒక పాత డబ్బాలో వేసి, సీటు కింద పెడతాడు.

టిక్కీలు వేరే బండి మీద ముందు పోయాయి. వెనకనే మన ముసలిది, ఇంకొకదాని మూతి పట్టుకుని, నెమ్మదిగా గుంటూరు దారి పట్టింది. షెడ్డు దగ్గర దించగానే మేస్త్రీ అడిగే మొదటి మాట, "ఒరేయ్, డబ్బా ఏదిరా?" కుర్రవాడు తెచ్చి ఇస్తాడు. మేస్త్రీ బోల్టులన్నీ అరచేతిలో పోసుకుని లెక్కపెట్టి, లారీ డ్రైవరు చేతిలో పోస్తాడు.